దొరా, జర, మీరు: మర్యాద మాటల చరిత్ర, మాట్లాడే యంత్రం

మీ ఫోనులో చాట్‌బాట్ ఉంటే దాన్ని తెలుగులో ఒక ప్రశ్న అడిగి చూడండి. 'చెప్పు' అని రాశారా, 'చెప్పండి' అని రాశారా? ఇంగ్లీషులో అడిగేవారికి ఈ చిక్కు లేదు, అక్కడ క్రియకు ఒకటే రూపం. తెలుగులో ఎదుటివారి స్థాయిని తేల్చుకోకుండా ఏ పనీ చెప్పలేం. కృత్రిమ మేధతో మర్యాదగా మాట్లాడాలా అన్న ప్రశ్న కొత్తది. ఎవరు ఎవరిని ఎలా పిలవాలన్న తగవు పాతది. ఆ తగవు ప్రాణాల మీదికి వచ్చిన ప్రాంతాల్లో జనగామ ఒకటి.

2016 అక్టోబర్ 11న జిల్లాగా ఏర్పడిన జనగామ, నిజాం పాలనలో నల్లగొండ జిల్లాలోని ఒక తాలూకా. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పెత్తనం సాగింది ఇక్కడే. వెట్టి అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే పని అని మీకు తెలుసు. ఆ పనికి ఒక భాష కూడా ఉండేదని గుర్తుంచుకోండి. గడి ముందు నిలబడ్డ ముసలివాడు దొర కొడుకును 'చిన్నదొరా' అనాలి. ఆ పిల్లవాడు మాత్రం తాత వయసువాణ్ని 'అరే' అని పిలవవచ్చు. 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్త' అన్న మాటకు అర్థం, నీ బానిసను, నీ కాళ్లు మొక్కుతాను అని. పైకి ఇది వినయమే. అనకపోతే దెబ్బలు పడే వినయాన్ని మర్యాద కింద లెక్కవేయలేం.

1944లో భువనగిరి మహాసభ తరువాత ఆంధ్రమహాసభ ఊరూరా 'సంఘం' పేరుతో విస్తరించింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమి పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనీయకుండా, సంఘం తోడుతో ఇంటికి చేర్చుకున్నారు. కడివెండిలో 1946 జులై 4న దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించారు. 'చేర్చుకున్నారు', 'మరణించారు' అని రాశామని గమనించారా? ఆ గౌరవ బహువచనం గడి నోట వాళ్లకు దక్కేది కాదు. పోరాటం భూమి కోసం, వెట్టి రద్దు కోసం జరిగింది. దాంతోపాటే తల ఎత్తి మాట్లాడే హక్కు కోసమూ జరిగింది.

అవే ఊళ్లలో బలవంతం లేని మర్యాద కూడా ఉంది. జనగామలోనో, జనం మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లోనో 'దయచేసి' అని ఎవరంటారు? 'జర చెప్పు అన్నా' అంటారు. కన్నతండ్రిని 'నువ్వు' అంటారు, అందులో అగౌరవం లేదు. సాయం చేసినవారికి 'ధన్యవాదాలు' చెప్పరు, 'నీ కడుపు సల్లగుండ బిడ్డా' అని దీవిస్తారు. చాట్‌బాట్ మాత్రం సాధారణంగా అందరినీ పుస్తకాల భాషలో 'మీరు' అంటుంది. తాతను 'అరే' అనిపించుకున్న ఇంటి మనవరాలికి ఆ 'మీరు' అడగకుండానే దొరుకుతోంది. ఇది చిన్న విషయమేమీ కాదు.

యంత్రాన్ని మనిషిలా చూడటం ఈ నాటిది కాదు. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే సంభాషణ ప్రోగ్రామును ప్రకటించారు. దాని తయారీని చూస్తూ వచ్చిన ఆయన కార్యదర్శే, దానితో మాట్లాడుతూ, ఆయనను కాసేపు గది బయట ఉండమన్నారు. 2024లో జపాన్ పరిశోధకులు ఇంగ్లీషు, చైనీస్, జపనీస్ భాషల్లో పరీక్షించి, దురుసుగా అడిగితే జవాబుల నాణ్యత తరచూ తగ్గుతోందని, అతివినయం వల్ల మేలు జరుగుతుందన్న హామీ కూడా లేదని తేల్చారు. తెలుగు ఆ పరీక్షలో లేదు.

ఖర్చు మాటేమిటి? 'థాంక్స్' అని విడిగా పంపే ప్రతి సందేశానికీ యంత్రం మళ్లీ లెక్క చేయాలి, దానికి విద్యుత్తు కావాలి. బొగ్గుబాయిల మధ్య, చెల్పూరు 1,100 మెగావాట్ల థర్మల్ కేంద్రం పక్కన బతికే భూపాలపల్లి విద్యార్థులకు విద్యుత్తు ఊరికే రాదని వివరించనక్కరలేదు. ప్రశ్నలోనే 'జర' చేర్చేస్తే విడి సందేశం అవసరం ఉండదు.

యంత్రానికి మనం మర్యాద బాకీ లేమనే ఈ రచయిత అభిప్రాయం. దాన్ని వెట్టివాడితో పోల్చడం వెట్టివాడికే అవమానం; అతనికి ఆకలి ఉంది, రోషం ఉంది, చివరికి తిరగబడ్డాడు. కానీ గడిని లోపలి నుంచి చూడండి. దొర కొడుకు 'అరే' అనే మాటతో పుట్టలేదు. కాదనలేని మనుషులకు రోజూ పనులు చెప్పగా చెప్పగా ఆ మాట నోటికి పట్టింది. నేటి పిల్లలు కూడా అలగని, ఎదురు చెప్పని ఒకదానికి పొద్దంతా ఆజ్ఞలిస్తున్నారు. ఆ నోటితోనే ఆటోడ్రైవరుతో, కాల్ సెంటర్‌లోని అమ్మాయితో మాట్లాడతారు. దీనికి రెండో వైపు కూడా ఉంది: యంత్రం చెప్పిందల్లా దొర మాటలా తలకెత్తుకోవడం. అది తప్పు చెప్పినప్పుడు 'ఇది తప్పు' అనగలగాలి. 'అరే' వద్దు, 'బాంచెన్' అసలే వద్దు. 'జర చెప్పు' చాలు.

కృత్యం: మీ ఇంట్లోనో, వాడలోనో అందరికన్నా పెద్దవారిని అడగండి: వారి చిన్నతనంలో ఊరి పెద్దలు వారి తల్లిదండ్రులను ఏమని పిలిచేవారు? జవాబుగా వీరు ఏమనాల్సి వచ్చేది? తండాలో లంబాడీ, గూడెంలో కోయ మాట్లాడేవారైతే ఆ మాటలను వారి భాషలోనే రాసుకోండి. తరువాత అవే మాటల గురించి చాట్‌బాట్‌ను అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడండి.