విమాన ప్రయాణికుడి చేతిలో తుపాకి: ఒక నిషేధం చరిత్ర

1. పరిచయం

శంషాబాద్‌లోనో గన్నవరంలోనో విమానం ఎక్కబోయేవారు జేబుల్లోని చిల్లర, పర్సు, ఫోను తీసి ట్రేలో పెట్టి, రెండు చేతులూ చాచి నిలబడతారు. ఇది విమానాలతోపాటే పుట్టిన పద్ధతి అని చాలామంది అనుకొంటారు. కాదు. వాణిజ్య విమానాలు విరివిగా తిరగడం మొదలైన తరవాత కూడా చాలా ఏళ్లపాటు ప్రయాణికుడు బస్సు ఎక్కినట్లే నేరుగా వెళ్లి విమానం ఎక్కేవాడు. అతని కోటు జేబులో ఏముందో అడిగేవారు లేరు. అమెరికాలో ప్రతి ప్రయాణికుణ్ణీ సోదా చేయడం తప్పనిసరి అయినది 1973 జనవరి 5 నుంచి మాత్రమే.

ఈ పాఠం కాంటాక్ట్ తరగతుల్లో చెప్పినప్పుడు ఎవరో ఒక విద్యార్థి లేచి అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, ఐసి-814 విమానంలో మనవాళ్లలో ఒక్కరి దగ్గరైనా తుపాకి ఉండి ఉంటే?" ఆ ప్రశ్నను నేను కొట్టిపారేయను. కళ్లముందు మనిషిని చంపుతుంటే చేతులు కట్టుకొని కూర్చోవలసి రావడం ఎంత దుర్భరమో ఆ ప్రశ్నలో ఉంది. అయితే దీనికి ఊహతో జవాబు వెతకనక్కరలేదు. ప్రయాణికుల దగ్గర తుపాకులు ఉండగలిగిన కాలం ఒకటి నిజంగానే గడిచింది. అది అమెరికాలో 1961కీ 1973కీ మధ్య కాలం. ఈ భాగంలో ప్రధానంగా ఆ పన్నెండేళ్లను పరిశీలిద్దాం.

2. చట్టం వచ్చింది, సోదా రాలేదు

1961 మే 1న ఫ్లోరిడా రాష్ట్రంలోని మారథాన్ నుంచి కీ వెస్ట్‌కు బయలుదేరిన నేషనల్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని ఒక ప్రయాణికుడు బెదిరించి క్యూబాకు మళ్లించాడు. ఒక అమెరికన్ విమానాన్ని ఇలా క్యూబాకు అపహరించుకుపోవడం అదే మొదలు. ఆగస్టు 3న ఒక తండ్రీ, కౌమారంలో ఉన్న అతని కొడుకూ పిస్తోళ్లతో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 707ను పట్టుకొన్నారు. విమానం టెక్సాస్‌లోని ఎల్ పాసోలో దిగింది. మళ్లీ పైకి లేవబోతుంటే ఎఫ్.బి.ఐ. వాళ్లు దాని టైర్లను కాల్చారు. చివరకు బందీగా ఉండడానికి తనంతట తాను ముందుకు వచ్చిన లెనార్డ్ గిల్మన్ అనే సరిహద్దు గస్తీ అధికారి ఆ తండ్రిని పిడికిలితో కొట్టి పడగొట్టాడు. అతను ఆ పని తుపాకి లేకుండానే చేశాడని గమనించండి.

నెల తిరిగేసరికి చట్టం వచ్చింది. 1961 సెప్టెంబర్ 5న అధ్యక్షుడు కెనెడీ సంతకం చేసిన ఆ శాసనం విమానాపహరణను సమాఖ్య నేరంగా ప్రకటించి, మరణశిక్షకు కూడా వీలు కల్పించింది. మన అంశానికి సంబంధించిన మాట అందులో ఇంకొకటి ఉంది. ప్రమాదకరమైన ఆయుధాన్ని ఒంటిమీద దాచుకొని వాణిజ్య విమానం ఎక్కడం కూడా నేరమైంది. అనుమతి ఉన్న పోలీసు అధికారులకు మినహాయింపు ఇచ్చారు.

కాబట్టి కాగితం మీద ప్రశ్న 1961లోనే తేలిపోయింది. ఆచరణలో తేలలేదు. ఎవరూ వెతకని ఆయుధాన్ని నిషేధించడమంటే తాళం లేని తలుపుకు 'లోపలికి రావద్దు' అని బోర్డు పెట్టడమే. సోదా పెడితే ప్రయాణికులు చిరాకుపడి కార్లలోనే వెళతారని, ఖర్చు తమమీద పడుతుందని విమాన కంపెనీలు వ్యతిరేకించాయి. 1968లో సెనేట్ విచారణలో ఎఫ్.ఎ.ఎ. అనే సమాఖ్య విమానయాన సంస్థ ప్రతినిధి కూడా, ఎక్కేవారందరినీ సోదా చేస్తే తప్ప ఈ సమస్యకు పరిష్కారం లేదనే ధోరణిలో మాట్లాడాడు. అందరినీ సోదా చేయడం జరగని పని అని అప్పట్లో అందరి నమ్మకం.

3. తుపాకులున్న కాలం

1968 నుంచి 1972 వరకు ఐదేళ్లలో అమెరికాలో వందకు పైగా విమానాపహరణలు, అపహరణ ప్రయత్నాలు జరిగాయి. మొదట్లో గమ్యం దాదాపు ఎప్పుడూ హవానాయే. విమాన కంపెనీలు దీనికి ఎంతగా అలవాటుపడ్డాయంటే, హవానా విమానాశ్రయంలో దిగడానికి కావలసిన పటాలను పైలట్లకు ముందే ఇచ్చి ఉంచేవి. అపహర్త ఏం చెబితే అది చేయండి, ఎవరూ ఎదిరించవద్దు అన్నదే సిబ్బందికి ఆదేశం. తరవాత డబ్బు గుంజే అపహరణలు మొదలయ్యాయి. 1971 నవంబర్ 24న డి.బి. కూపర్ అన్న పేరుతో ప్రచారంలోకి వచ్చిన మనిషి తుపాకి చూపించలేదు. పెట్టెలో బాంబు ఉందని చెప్పి, రెండు లక్షల డాలర్లు తీసుకొని, బోయింగ్ 727 వెనక మెట్ల మీదుగా పారాచూట్‌తో దూకేశాడు. పక్క సీటులోని వాడి దగ్గర రివాల్వర్ ఉన్నా, బాంబు ఉందంటున్న మనిషి మీద దాన్ని పేల్చడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఈ కాలంలోని ఒక ఘటనను కొంచెం వివరంగా చూడాలి. తుపాకిని సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ ఇద్దరూ దాన్నే ఉదాహరణగా చెప్పగలరు. 1970 మార్చి 17 రాత్రి నెవార్క్ నుంచి బోస్టన్‌కు ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ డి.సి-9 బయలుదేరింది. ఆ షటిల్ సర్వీసులో టికెట్ డబ్బు గాలిలోకి లేచిన తరవాత, మన బస్సు కండక్టర్ వసూలు చేసినట్లు, సీటు దగ్గరికి వచ్చి తీసుకొనేవారు. ఒక ప్రయాణికుడు డబ్బుకు బదులు .38 రివాల్వర్ తీశాడు. అతన్ని కాక్‌పిట్‌లోకి తీసుకువెళ్లారు. అక్కడ అతను ఇద్దరు పైలట్లనూ కాల్చాడు. సహపైలట్ జేమ్స్ హార్ట్లీ ప్రాణం పోతున్న స్థితిలో ఆ తుపాకినే లాక్కొని అపహర్తను కాల్చి కుప్పకూలాడు. కెప్టెన్ రాబర్ట్ విల్బర్ తూటాలు తగిలిన రెండు చేతులతోనే విమానాన్ని బోస్టన్‌లో దించాడు. ప్రయాణికులందరూ బతికారు. హార్ట్లీ బతకలేదు.

పైలట్ చేతికి తుపాకి చిక్కింది కాబట్టే విమానం దక్కిందని ఒకరు అంటారు. అందులో నిజం ఉంది. కాని ఆ తుపాకి విమానంలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న దానికి ముందు వస్తుంది. అది టికెట్ కొనక ముందే ఎక్కి కూర్చోగలిగిన ప్రయాణికుడి సంచిలో వచ్చింది. నా అభిప్రాయంలో ఈ పన్నెండేళ్ల చరిత్ర చెప్పే ముఖ్యమైన సంగతి ఇదే. తుపాకి రెండు పక్షాలకూ అందుబాటులో ఉన్నప్పుడు, ఎప్పుడు తీయాలో నిర్ణయించుకొనేది దాడి చేసేవాడు. ఎదుటివాడికి ఆ నిర్ణయం తెలిసేసరికి మొదటి తూటా పేలి ఉంటుంది.

ఇదే రోజుల్లో ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ ఆల్ వేరే దారి పట్టింది. 1970 సెప్టెంబర్ 6న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి న్యూయార్క్ వెళుతున్న దాని విమానాన్ని లైలా ఖలీద్, పాట్రిక్ అర్గెయో అనే ఇద్దరు పట్టుకోబోయారు. పైలట్ విమానాన్ని ఒక్కసారిగా కిందికి దూకించి నిలబడ్డవారిని పడదోశాడు. సాయుధ రక్షకుడి కాల్పుల్లో అర్గెయో చనిపోయాడు. ఆ తుపాకి సంస్థ నియమించి, శిక్షణ ఇచ్చి ఎక్కించిన మనిషిది. అదే రోజు మరికొన్ని విమానాల అపహరణ కూడా జరగడంతో, సెప్టెంబర్ 11న అధ్యక్షుడు నిక్సన్ అమెరికన్ విమానాల్లోనూ సాయుధ మార్షల్స్‌ను పెడతామని ప్రకటించాడు. రోజూ వేల సంఖ్యలో విమానాలు ఎగిరే దేశంలో వాళ్లు ఏ మూలకు సరిపోతారు?

ప్రయాణికులందరికీ తుపాకులు ఇవ్వాలన్న ఆలోచన అప్పట్లో ఎంత ప్రచారంలో ఉండేదో చెప్పడానికి ఒక టీవీ హాస్య ధారావాహిక చాలు. 1972 సెప్టెంబర్ 16న ప్రసారమైన 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' భాగంలో ఆర్చీ బంకర్ అనే పాత్ర టీవీలో కనిపించి తన ఉపాయం చెబుతాడు: ప్రయాణం మొదట్లో అందరికీ పిస్తోళ్లు పంచడం, దిగేటప్పుడు తిరిగి తీసుకోవడం. అలా చేస్తే ఇక సోదా అక్కరలేదట. ఆ తరవాత బార్‌లో తనను మెచ్చుకొన్న మనిషే తుపాకి చూపి అతన్ని దోచుకొంటాడు. దేశం నవ్వింది. రెండు నెలలు తిరగకముందే నవ్వు ఆగింది.

4. 1973 జనవరి 5

1972 నవంబర్ 10న ముగ్గురు సాయుధులు సదరన్ ఎయిర్‌వేస్ 49వ నంబరు విమానాన్ని పట్టుకొన్నారు. కోటి డాలర్లు అడిగారు. ఇవ్వకపోతే టెనెసీలోని ఓక్ రిడ్జ్ అణుకేంద్రం మీద విమానాన్ని కూలుస్తామన్నారు. ఓర్లాండోలో ఎఫ్.బి.ఐ. టైర్లు కాల్చినా విమానం పైకి లేచి హవానా చేరింది. అప్పటిదాకా విమానాపహరణ అంటే ఆ విమానంలో ఉన్నవారికి మాత్రమే ఆపద. ఓక్ రిడ్జ్ పేరు వినబడ్డాక అది నేలమీద ఉన్నవారికీ ఆపదే అయింది. కంపెనీల అభ్యంతరం అక్కడితో బలం కోల్పోయింది. డిసెంబర్ 5న ఎఫ్.ఎ.ఎ. ఆదేశం జారీచేసింది: నెల తిరిగేలోగా ప్రతి ప్రయాణికుణ్ణీ, అతని చేతిసంచినీ సోదా చేయాలి.

అంతకుముందు 1969 నుంచి ఈస్టర్న్ వంటి కొన్ని కంపెనీలు ప్రవర్తన లక్షణాల జాబితా ఒకటి పెట్టుకొని, అనుమానం వచ్చినవారిని మాత్రమే మెటల్ డిటెక్టర్‌తో చూసేవి. ఇప్పుడు అనుమానంతో పని లేదు. ఇది వ్యక్తి స్వేచ్ఛకు భంగం కాదా అన్న తగాదా కోర్టులకు వెళ్లింది. 1973లో 'యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ డేవిస్' కేసులో అప్పీలు కోర్టు ఇది నేరపరిశోధన కాదని, ఆయుధం ఎక్కకుండా చూసే పరిపాలనాపరమైన సోదా అని, ఇష్టం లేనివారు ఎక్కకుండా వెళ్లిపోవచ్చని చెప్పింది. ఆ వాదంలో ఉన్న ఇబ్బందిని కూడా విద్యార్థులు గమనించాలి. ఎక్కకపోవడమనే స్వేచ్ఛ, వేల మైళ్లు వెళ్లవలసినవాడికి ఏపాటి స్వేచ్ఛ?

ఫలితం మాత్రం స్పష్టంగా కనిపించింది. ముందటి ఏడాది రెండంకెల్లో ఉన్న అపహరణలు 1973లో వేళ్లమీద లెక్కపెట్టగలిగేంతకు తగ్గాయి. ఈ ఘనత అంతా సోదాదే అనడం తొందరపాటు. 1973 ఫిబ్రవరి 15న అమెరికా, క్యూబా అపహర్తలను శిక్షించే విషయంలో ఒప్పందం చేసుకొన్నాయి. పారిపోవడానికి చోటు మూసుకుపోయింది. కారణాలు రెండు ఉన్నప్పుడు ఒకదానికే దండ వేయకూడదు.

మినహాయింపు ఎంత ప్రమాదకరమో 1987 డిసెంబర్ 7న తెలిసింది. ఉద్యోగం పోయిన విమాన సంస్థ ఉద్యోగి ఒకడు, తిరిగి ఇవ్వని గుర్తింపు కార్డు చూపి, సోదా తప్పించుకొని, రివాల్వర్‌తో పి.ఎస్.ఎ. 1771వ విమానం ఎక్కాడు. గాలిలో కాల్పులు జరిగాయి. కాలిఫోర్నియాలో కూలిన ఆ విమానంలోని 43 మందీ చనిపోయారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: 1961 చట్టం ఉన్నా 1968–72 మధ్య అపహరణలు పెరగడానికి కారణాలేమిటి?

5. తూటా, విమానం గోడ

గాలిలో తుపాకి పేలితే చిన్న రంధ్రంలోంచి మనుషులంతా బయటికి లాగబడతారన్నది సినిమా కథ. తూటా చేసే కన్నం చిన్నది. అందులోంచి పోయే గాలిని పీడన యంత్రాలు భర్తీ చేయగలవు. 1988లో అలోహా ఎయిర్‌లైన్స్ విమానానికి పైకప్పులో పెద్ద భాగమే ఎగిరిపోయినా పైలట్లు దాన్ని దించారు. కాబట్టి తుపాకి వద్దనేవారు ఈ వాదాన్ని ఆశ్రయించకపోవడమే మంచిది. అసలు భయం వేరే. ఇరుకైన నడవలో, వరుసకు ఆరుగురు కూర్చున్న చోట, గురితప్పిన ప్రతి తూటాకూ ఒక మనిషి అడ్డం ఉంటాడు.

6. మన దేశం అనుభవం

1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్మూ వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫోకర్ విమానం 'గంగ'ను లాహోర్‌కు మళ్లించిన ఇద్దరి దగ్గర ఉన్నవి నకిలీ పిస్తోలు, నకిలీ గ్రెనేడు. 1978 డిసెంబర్ 20న లక్నో–ఢిల్లీ విమానాన్ని వారణాసికి మళ్లించిన ఇద్దరిదీ బొమ్మ పిస్తోలే. ఆ రెండు విమానాల్లోనూ తోటి ప్రయాణికుల దగ్గర నిజమైన తుపాకులు ఉంటే, కాల్పులు జరిగి, ఎవరో చనిపోయి, తరవాత అది బొమ్మ అని తేలేది.

ఇక విద్యార్థి అడిగిన ఐసి-814. 1999 డిసెంబర్ 24న కాఠ్మాండూలో బయలుదేరిన ఆ విమానంలో నూట డెబ్బై మందికి పైగా ప్రయాణికులు, ఐదుగురు అపహర్తలు ఉన్నారు. రూపిన్ కత్యాల్ అనే యువకుణ్ణి చంపారు. మిగిలినవారిలో ఎక్కువమంది కాందహార్‌లో డిసెంబర్ 31 దాకా బందీలుగా ఉన్నారు. అక్కడ విఫలమైనది కాఠ్మాండూలోని సోదా. ప్రయాణికులు తుపాకి తీసుకెళ్లవచ్చన్న నియమమే ఉంటే, ఆ ఐదుగురికి ఆయుధాలు దాచవలసిన శ్రమ కూడా తప్పేది. మన ప్రభుత్వం దీని తరవాత పౌర విమానాశ్రయాల భద్రతను సి.ఐ.ఎస్.ఎఫ్.కు అప్పగించడం మొదలుపెట్టింది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో ఆ మార్పు ఆరంభమైంది.

7. 2001 తరవాత మళ్లీ అదే ప్రశ్న

2001 సెప్టెంబర్ 11న దాడిచేసినవారు వాడినవి కత్తుల వంటివి. అందువల్ల, ఒక్క తుపాకి ఉంటే చాలు కదా అన్న మాట బలంగా తిరిగి వచ్చింది. అమెరికన్ కాంగ్రెస్ దాన్ని సగం ఒప్పుకొంది. 2002 నవంబర్‌లో వచ్చిన చట్టం పైలట్లకు, అదీ ఇష్టపడి శిక్షణ పొందినవారికి, కాక్‌పిట్‌లో తుపాకి ఉంచుకొనే వీలు ఇచ్చింది. 2003 ఏప్రిల్ నుంచి తూటాకు లొంగని కాక్‌పిట్ తలుపులు తప్పనిసరి అయ్యాయి. ప్రయాణికులకు మాత్రం ఏమీ ఇవ్వలేదు. అమెరికాలో తుపాకి యజమాని ఇప్పటికీ దాన్ని తీసుకువెళ్లవచ్చు. తూటాలు తీసేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్ దగ్గర చెప్పి, సామానుతో పంపాలి.

ప్రయాణికులు ఊరకే కూర్చోవడం కూడా ఆ సెప్టెంబర్‌తోనే ఆగింది. 2001 డిసెంబర్ 22న బూట్లలో పేలుడు పదార్థం పెట్టుకొన్న మనిషిని, 2009 క్రిస్మస్ రోజున లోదుస్తుల్లో దాచుకొన్న మరొకణ్ణి, సిబ్బంది, ప్రయాణికులు కలిసి వట్టి చేతులతోనే పట్టుకొన్నారు. ఆయుధం ఉన్నవారి చరిత్ర అంత నిర్మలంగా లేదు. 2005 డిసెంబర్‌లో మయామీలో శిక్షణ పొందిన మార్షల్స్ మానసిక అనారోగ్యం ఉన్న ఒక ప్రయాణికుణ్ణి కాల్చి చంపారు. బాంబు ఉందన్నాడని వారు చెప్పారు. బాంబు లేదు. 2008 మార్చి 22న డెన్వర్ నుంచి షార్లట్ వెళుతున్న యు.ఎస్. ఎయిర్‌వేస్ విమానం కాక్‌పిట్‌లో పైలట్ సర్దుకొంటున్న పిస్తోలు పొరపాటున పేలి, తూటా విమానం పక్కగోడలోంచి బయటికి పోయింది. విమానం క్షేమంగానే దిగింది.

2023లో అమెరికన్ విమానాశ్రయాల సోదా గేట్ల దగ్గర చేతిసంచుల్లో దొరికిన తుపాకులు 6,737. వాటిలో నూటికి 93 తూటాలు నింపి ఉన్నవే. పట్టుబడినవారు ఎక్కువగా చెప్పే సమాధానం, అది సంచిలో ఉన్న సంగతి మరిచిపోయామని.