పాదిరిగారి ఎరువునీళ్లు

భూగర్భజలాల్లో కాలుష్యం ఎటు పోతుందో, ఎంత దూరం పోతుందో కంప్యూటర్లో లెక్కగట్టే విద్య ఎక్కడ పుట్టిందని వెదుక్కుంటూ పోతే, పశువుల మూత్రం వడకడుతున్న ఒక పాదిరి దగ్గర తేలాను. ఇంత ముచ్చటైన పుట్టుక ఎన్ని శాస్త్రాలకుంటుంది?

ఆయన పేరు ఆంథొనీ హక్స్‌టబుల్. ఇంగ్లండులోని డోర్సెట్‌లో చర్చిపనీ సేద్యమూ రెండూ చూసుకునేవాడు. 1840ల్లో తన తొట్లలో నిలవున్న ఎరువునీళ్లను మామూలు గరప మట్టిలోంచి దింపి చూశాడు. కిందికి వచ్చిన నీళ్లకు రంగూ లేదు, కంపూ లేదు.

అదే కాలంలో యార్క్‌షైర్ భూస్వామి హెచ్.ఎస్. థాంప్సన్‌కు మరో బెంగ పట్టుకుంది. వాన పడితే పెంటలోని సత్తువంతా కొట్టుకుపోదా? స్పెన్స్ అనే మందుల వ్యాపారి చేత 1845లో మట్టి నింపిన గొట్టంలో అమ్మోనియం సల్ఫేటు నీళ్లు పోయించాడు. అడుగున జిప్సం దిగింది! మట్టి అమ్మోనియాను ఉంచుకుని కాల్షియాన్ని వదిలేసిందన్నమాట. పెంట గురించి ఇంత దిగులుపడ్డ ఈ పెద్దమనిషే తర్వాత నార్త్ ఈస్టర్న్ రైల్వే చైర్మన్ అయ్యాడు. రాయల్ వ్యవసాయ సంఘం రసాయనవేత్త థామస్ వే 1850, 1852 వ్యాసాల్లో గుట్టు విప్పాడు. మట్టిది ఇచ్చిపుచ్చుకునే బేరం. ఒకటి పట్టుకుంటే దానికి సరిపడా ఇంకొకటి వదులుతుంది.

జర్మన్ మహాపండితుడు లీబిగ్ ఇది నమ్మలేదు. అంతకుముందే, వానకు కొట్టుకుపోతుందన్న భయంతో తన 'పేటెంట్ ఎరువు'ను సులువుగా కరగకుండా చేయించాడు. కరగనిది మొక్కకెలా అందుతుంది? వ్యాపారం బోల్తా కొట్టింది. ఆ కాపలా మట్టే కాస్తుందని ఒప్పుకోవడానికి ఆయనకు ఏళ్లు పట్టింది.

మన స్టేషన్ ఘనపూర్ చుట్టుపక్కల ఎర్ర చెలకలకు చెరువుమట్టి తోలడంలో ఉన్నదీ ఈ గుణమే. ఇసుకపాలు ఎక్కువైన చెలక ఎరువును నిలుపుకోలేదు, చెరువడుగు బంకమట్టి నిలుపుతుంది. 2015లో మొదలైన చెరువుల పథకం మిషన్ కాకతీయ పూడికను రైతులు పొలాలకు తోలుకున్నది అందుకే.

ఆ తర్వాతి కథ గబగబా చెప్పుకోవచ్చు. ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో ఒక ఆసుపత్రి ఆవరణలో ఇసుక గొట్టం నిలబెట్టి, హెన్రీ డార్సీ 1856లో నీటి నడక సూత్రం ప్రకటించాడు. ఒక పదార్థం ఇంకోదానికి అంటుకోవడానికి లాంగ్‌మ్యూర్ 1918లో ఒక సమీకరణం ఇచ్చాడు. 1990లో చున్‌మియావ్ జెంగ్ రాసిన ఎంటీ3డీ ప్రోగ్రాం నడకనూ అంటుకోవడాన్నీ కలిపి లెక్కిస్తుంది. మట్టికి ఎంత గట్టిగా అంటుకుంటే ఆ పదార్థం నీటికంటే అంత వెనకబడుతుంది. నైట్రేటు దాదాపు అంటుకోదు, నీళ్లతోపాటే పోతుంది.

అలాగని మట్టి ఎప్పుడూ మేలే చేస్తుందనుకుంటే పొరపాటు. హైదరాబాద్ దగ్గరి మహేశ్వరం మీద ఫ్రెంచి, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2013లో ఒక కంప్యూటర్ నమూనా ప్రచురించారు. వరిమళ్లకు తోడిన బోరునీళ్లు కొంత ఆవిరై, చిక్కబడి, మళ్లీ భూమిలోకి ఇంకుతాయి. దారిలో కాల్షియం కొంత బంకమట్టికి అంటుకుంటుంది, కొంత సున్నంగా పేరుకుంటుంది. నీళ్లలో కాల్షియం తగ్గేకొద్దీ ఫ్లోరైడుకు పగ్గం వదులవుతుంది. యార్క్‌షైర్ గొట్టంలో కాల్షియాన్ని వదిలిన మట్టి ఇక్కడ దాన్ని పట్టుకుంది. బేరం పాతదే, నష్టం మాత్రం తాగేవాళ్లది.

మహేశ్వరం లాగే ఘనపూర్ కిందా గ్రానైటే. పైన మొరం పొర, దాని కింద రాతి పగుళ్లు. పట్టి ఉంచే శక్తి ఎక్కువగా పై పొరదే, పగుళ్లలో దిగినదాన్ని ఆపేది తక్కువ. థాంప్సన్ తరం ఈ శక్తిని తమ పొలం మట్టిలోనే కొలుచుకుంది. ఇప్పుడు ఆ అంకెను చాలాసార్లు పుస్తకంలోంచి తీసి కంప్యూటర్‌కు అందిస్తున్నాం. నాకు పోయిందనిపించేది ఆ అలవాటే. ఊళ్లలో పాడుబడ్డ మోటబావులను చెత్తతో పూడ్చేస్తున్నాం. మురికిని పట్టుకోగల పొరను దాటించి, దాన్ని మనమే నీళ్లలో దింపుతున్నాం. ఇది తప్పని చెప్పడానికి ఏ నమూనా అక్కర్లేదు. పంచాయతీలు ముందు ఆ బావుల్లో చెత్త పోయడం మాన్పిస్తే చాలు.