బీటువారిన వంతెన ఎలా మోగుతుంది?

కుండ కొనేవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూస్తారు. ఖంగుమంటే డబ్బులిస్తారు, బొంగురుగా పలికితే పక్కన పెట్టేస్తారు. కంటికి ఆనని బీటు చెవికి దొరుకుతుంది. వంతెనలకు సెన్సర్లు బిగించి ఇంజినీర్లు చేస్తున్నదీ ఈ పనే. కుండతో ఇంత సులువుగా కుదిరింది వంతెనతో ఎందుకు కుదరలేదన్నదే అసలు కథ.

రైళ్లు వచ్చాక ఈ చెవి పరీక్ష ఒక ఉద్యోగమైంది. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, మంటలు చెలరేగి, యాభై మందికి పైగా చనిపోయారు. ఇరుసులో పుట్టిన చిన్న పగులు తిరగ్గా తిరగ్గా పెరిగి చివరికి విరుగుతుందని ఆ తర్వాతి ఏడాదే ఇంజినీరు ర్యాంకిన్ వివరించాడు. అలాంటి పగుళ్లను ముందే పట్టేందుకు, రైలు ఆగగానే పొడుగు కర్ర సుత్తితో చక్రం చక్రాన్నీ కొట్టుకుంటూ పోయే మనిషి చాలా దేశాల స్టేషన్లలో కనిపించేవాడు. అతని చేతిలో సుత్తి, బుర్రలో మంచి చక్రం మోత. అంతకుమించి పరికరం లేదు.

దీని వెనక సూత్రం చిన్నదే. ఏ వస్తువైనా తన గట్టిదనాన్ని, బరువును బట్టి కొన్ని సహజ పౌనఃపున్యాలతో ఊగుతుంది. పగులు గట్టిదనాన్ని తగ్గిస్తుంది, బరువు మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి శ్రుతి దిగుతుంది. తిరకాసు వర్గమూలంలో ఉంది: గట్టిదనం 1 శాతం తగ్గితే పౌనఃపున్యం తగ్గేది అర శాతమే.

1965లో కూలీ, ట్యూకీల ఫోరియర్ గణన పద్ధతి రావడంతో కంపనాలను విడదీసి చూడటం కంప్యూటర్‌కు తేలికైంది. ఒక్కచోట కొలిచిన పౌనఃపున్యాలతోనే దెబ్బ ఎక్కడుందో చెప్పవచ్చని 1979లో పరిశోధకులు కాలీ, ఆడమ్స్ చూపించారు. ఆశలు పెరిగాయి. సముద్రంలోని చమురు వేదికల మీద ప్రయోగిస్తే మాత్రం కాళ్లకు పట్టే నాచు, గుల్లలు, ట్యాంకుల్లో మారే చమురు బరువు లెక్కలన్నీ తారుమారు చేశాయి. చమురు కంపెనీలు 1980లలో చాలావరకు ఆ దారి వదిలేశాయి.

నా దృష్టిలో ఈ చరిత్రకు మలుపు 1993. అమెరికాలోని న్యూమెక్సికోలో రియో గ్రాండే మీది ఐ-40 వంతెనను ఎలాగూ కూల్చేయబోతున్నారు. కూల్చేలోగా లాస్ అలమోస్ ప్రయోగశాల పరిశోధకులు దాని ఉక్కు గిర్డర్‌ను (బరువు మోసే దూలాన్ని) నాలుగు దశల్లో మంటతో కోయించి, ప్రతి కోత తర్వాతా ఊపి కొలిచారు. 2.48 హెర్ట్జ్ దగ్గరున్న మొదటి (అన్నిటికన్నా తక్కువ) పౌనఃపున్యం తొలి కోతకు తగ్గలేదు సరికదా, 2.52కు పెరిగింది! కింది అంచు పూర్తిగా తెగిన నాలుగో దశకు గానీ 2.30కి దిగలేదు. గిర్డర్ అంతగా తెగితే కంటికే కనిపిస్తుంది, ఇక సెన్సర్ దేనికి? ఆ పెరుగుదలకు వాతావరణ ఉష్ణోగ్రతే ప్రధాన కారణమని తర్వాత తేల్చారు. అదే రాష్ట్రంలోని అలమోసా కాన్యన్ వంతెన మీద ఒక్క రాత్రింబవళ్లలోనే మొదటి పౌనఃపున్యం దాదాపు 5 శాతం మారింది. ఎండే అంత మార్పు తెస్తుంటే, పగులు తెచ్చే అర శాతాన్ని ఎక్కడని వెతకాలి?

అక్కడి నుంచి ప్రశ్నే మారింది: ముందు వాతావరణాన్ని ఎలా తీసేయాలి? స్విట్జర్లాండ్‌లో కూల్చివేతకు సిద్ధమైన జడ్-24 వంతెనను 1997 నవంబరు నుంచి దాదాపు ఏడాదిపాటు కొలిచారు. చలి సున్నా డిగ్రీల కిందికి దిగగానే పౌనఃపున్యాలు ఒక్కసారిగా పైకి లేచాయి. పైనున్న తారు గడ్డకట్టి వంతెనను గట్టిపరిచింది మరి. తర్వాత ఒక స్తంభాన్ని కొద్దికొద్దిగా కుంగదీసి, కాంక్రీటును లోపల బిగించి ఉంచే ప్రీస్ట్రెస్ తీగలు తెంచి, చివరికి వంతెనను కూల్చేశారు. దెబ్బను చలి నుంచి వేరుచేస్తామని ఎవరు కొత్త పద్ధతి తెచ్చినా, మెషీన్ లెర్నింగ్‌తో వచ్చినవాళ్లు సైతం, తరచుగా ముందు పరీక్షించుకునేది ఇప్పుడు లేని ఆ వంతెన వదిలివెళ్లిన అంకెల మీదే.