248 ఎంబీ హిసాబ్

మా అబ్బాజాన్ బట్టల వ్యాపారి. గజం కట్టె పట్టుకుని గుడ్డ కొలిచేటప్పుడు ఎప్పుడూ రెండు వేళ్ల గుడ్డ ఎక్కువే వదిలేవారు. కొలతలో బేఇమానీ ఆయనకు అసలు పడదు. 2003లో నా చదువు కోసం అప్పు చేసి కంప్యూటర్ కొన్నారు. దుకాణం కుర్రాడే సామాను తెచ్చి ఇంట్లో బిగించి వెళ్లాడు. రసీదు మీద 'ర్యామ్ 256 ఎంబీ' అని ఉంది. మర్నాడు నేను మై కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిచి చూస్తే విండోస్ ఎక్స్‌పీ '248 ఎంబీ' అంటోంది.

ఆ మాట అబ్బాజాన్ చెవిన వేశాను. అదే నా గల్తీ. సాయంత్రం దుకాణానికి వెళ్లి "ఎనిమిది ఎక్కడ పోయింది?" అని నిలదీశారు. "డిస్‌ప్లే తీసుకుంటుంది చాచా" అన్నాడు కుర్రాడు. "డిస్‌ప్లే తినేస్తుందని రసీదులో ఎందుకు రాయలేదు?" అన్నారు అబ్బాజాన్. నలుగురి ముందు 'చోర్' అనేశారు. ఆ బేచారా తల దించుకున్నాడు. మేం మళ్లీ ఆ గడప తొక్కలేదు.

కుర్రాడు చెప్పింది సచ్ అని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఎనిమిది ఎంబీకి పెద్ద తారీఖే ఉంది.

కంప్యూటర్ పర్దా మీద కనిపించే తస్వీర్ అంటే చుక్కల గుంపు. ఒక్కో చుక్కది ఏ రంగో ఎక్కడో రాసిపెట్టుకోవాలి. అలా రాసుకునే జాగానే వీడియో మెమరీ. అడ్డంగా 1024, నిలువుగా 768 చుక్కలున్న పర్దాకి, చుక్కకి రెండు బైట్ల చొప్పున, 15,72,864 బైట్లు కావాలి. అంటే ఒకటిన్నర ఎంబీ. రాసిపెట్టుకుంటే సరిపోదు. తస్వీర్ మిణుకుమనకుండా నిలవాలంటే ఆ మొత్తాన్ని సెకనుకు 60 సార్లో 85 సార్లో మళ్లీ మళ్లీ చదవాలి. మరి ఆ జాగా ఎవరిది? తస్వీర్‌కే సొంతమా, ప్రాసెసర్‌తో కలిసి వాడుకునేదా? యాభై ఏళ్లుగా ఈ సవాల్‌కి జవాబు అటూ ఇటూ మారుతూనే ఉంది.

మొదట్లో కలిసి వాడుకోవడమూ ఉండేది. 1977లో వచ్చిన యాపిల్ 2లో స్టీవ్ వోజ్నియాక్ ఒక చక్కని తర్కీబ్ చేశాడు. అందులోని ప్రాసెసర్ ఒక్కో విడతలో సగం సమయమే మెమరీ తలుపు తడుతుంది. మిగతా సగంలో పర్దా వచ్చి తన చుక్కలు చదువుకుపోతుంది. ఒకరికొకరు అడ్డు రారు. కానీ జాగా ఊరికే రాదు కదా. నాణ్యమైన బొమ్మ కావాలంటే 8 కేబీ వాడుకునేవాడి మెమరీలోంచే పోయేది. కిలోబైట్లలో మెమరీ లెక్కపెట్టుకునే ఆ జమానాలో అది చిన్న హిస్సా కాదు.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. దానిలో పర్దాకి వేరే కాపురం పెట్టారు. అక్షరాలు మాత్రమే చూపే కార్డుకి 4 కేబీ, రంగుల బొమ్మలు చూపే కార్డుకి 16 కేబీ సొంత మెమరీ. 1987లో వీజీఏ వచ్చేసరికి ఆ సొంత ఆస్తి 256 కేబీ అయింది. తర్వాత గ్రాఫిక్స్ కార్డులు పెరిగాయి, వాటి మీది మెమరీ పెరిగింది. వాటి ఖరీదూ పెరిగింది.

మామూలు ఇంటికి కంప్యూటర్ చేరాలంటే ధర తగ్గాలి. తగ్గించడానికి ఒక దారి మళ్లీ ఉమ్మడి కాపురం. 1997లో సైరిక్స్ కంపెనీ మీడియాజీఎక్స్ అనే చిప్‌లో ప్రాసెసర్‌నీ గ్రాఫిక్స్‌నీ కలిపేసి, ఇద్దరికీ ఒకే ర్యామ్ పెట్టింది. 1999లో ఇంటెల్ 810 చిప్‌సెట్ తెచ్చింది. గ్రాఫిక్స్ మదర్‌బోర్డులోకే వచ్చేసింది. విడిగా కార్డు కొనే ఖర్చు మిగిలింది. మన వైపు చవకలో బిగించిన కంప్యూటర్లు ఎన్నింటిలోనో ఇలాంటి బోర్డులే ఉండేవి.

ఖర్చు మిగిలినా కిరాయి తప్పలేదు. ఆ రోజుల్లో వాడిన పీసీ100 ర్యామ్ సెకనుకు మహా అయితే 800 ఎంబీ అందించగలదు. పైన చెప్పిన ఒకటిన్నర ఎంబీ తస్వీర్‌ని సెకనుకు 85 సార్లు చదివితే దాదాపు 134 ఎంబీ. మీరు ఏ పనీ చేయకుండా పర్దా వైపు చూస్తూ కూర్చున్నా, ర్యామ్ సత్తాలో ఆరో వంతు ఆ చూపుకే ఖర్చు. గేమ్ పెడితే చెప్పనక్కర్లేదు. గ్రాఫిక్స్ కలిసి ఉన్న కంప్యూటర్ నెమ్మది అనే పేరు రావడానికి ఒక కారణం ఇదే.

ఇప్పుడు మా ఎనిమిది ఎంబీ సంగతి. కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు బయోస్ నిద్ర లేస్తుంది. ర్యామ్‌లో ఒక ముక్కని పర్దా కోసం పక్కన పెట్టేస్తుంది. విండోస్ లేచి లెక్క చూసుకునేసరికి ఆ ముక్క దాని లెక్కలోనే ఉండదు. 2002లో వచ్చిన ఇంటెల్ 845జీ లాంటి బోర్డుల్లో ఆ ముక్క 8 ఎంబీ దాకా ఉండేది. 256లో 8 పోతే 248. కుర్రాడు ఒక్క ఎంబీ కూడా కాజేయలేదు. ఇంజనీర్లు ఈ ముక్కకి పెట్టుకున్న పేరు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు: 'స్టోలెన్ మెమరీ', అంటే చోరీ అయిన మెమరీ!

ఎనిమిది చాలకపోతే? గ్రాఫిక్స్ డ్రైవర్ పని పడినప్పుడు విండోస్‌ని అడిగి మరికొంత తీసుకుంటుంది, పని అయ్యాక వాపస్ ఇచ్చేస్తుంది. ఇంటెల్ దీన్ని డైనమిక్ వీడియో మెమరీ టెక్నాలజీ అంది. మొదటిది శాశ్వతంగా రాసిచ్చిన హిస్సా, రెండోది చేబదులు. ఎక్స్‌పీ ఈ తేడా ఏదీ చెప్పలేదు. బాకీ మాత్రం చూపి ఊరుకుంది.

2007లో విస్టా వచ్చాక లెక్క విడమరిచి రాయడం మొదలైంది. డెడికేటెడ్ వీడియో మెమరీ ఇంత, షేర్డ్ సిస్టమ్ మెమరీ ఇంత, మొత్తం అందుబాటులో ఉన్న గ్రాఫిక్స్ మెమరీ ఇంత అని వరసలు వచ్చాయి. ఇన్సాఫ్ జరిగిందనుకుంటే కొత్త గడ్‌బడ్ మొదలైంది. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ 'మొత్తం గ్రాఫిక్స్ మెమరీ' సుమారు 1.7 జీబీ అని చూపేది. అది జేబులో ఉన్న పైసా కాదు, అవసరమైతే తీసుకోగల అప్పు హద్దు. పైగా ఆ అప్పు మీ 4 జీబీలోంచే. హద్దునే ఆస్తిగా చెప్పి అమ్మితే ఒకే మెమరీని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. 'డెడికేటెడ్' అన్న మాటనీ పూర్తిగా నమ్మలేం. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు 128 ఎంబీ డెడికేటెడ్ అని చూపిస్తాయి. లోపల విప్పి చూస్తే దానికి వేరే చిప్ ఏదీ ఉండదు.

విండోస్ 7 మాత్రం ఒక మంచి పని చేసింది. కొన్నది ఇంత, వాడుకోగలిగేది ఇంత అని రెండు అంకెలనూ పక్కపక్కనే రాసింది. ఆ బ్రాకెట్‌లోని రెండో అంకె 2003లో ఉండి ఉంటే మా అబ్బాజాన్ దుకాణానికి వెళ్లేవారే కాదు.

ఆ తర్వాత గోడలు ఇంకా కరిగాయి. 2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్, ఏఎండీ లానో వచ్చి ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే సిలికాన్ ముక్క మీదికి చేరాయి. అయినా ర్యామ్‌లో ఎవరి గది వారిదే. ఒక గదిలోని సామాను ఇంకో గదికి నకలు చేయాల్సి వచ్చేది. 2014లో ఏఎండీ కవేరీ ఇద్దరికీ ఒకే చిరునామా ఇచ్చింది. 2020లో యాపిల్ ఎం1 అందరినీ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టింది. ఒకప్పుడు చవక సరుకు గుర్తు అయిన ఉమ్మడి మెమరీని ఇప్పుడు ఖరీదైన యంత్రం గొప్పగా చెప్పుకుంటోంది. అయితే అందులో మెమరీ తర్వాత పెంచుకోలేం, కొనేటప్పుడే ఆలోచించుకోవాలి.

పిల్లలకి ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి నాలుగు మాటలు. 8 జీబీ అన్నచోట కాస్త తక్కువ కనిపిస్తే వెంటనే షక్ పడకండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే 'హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్' అని ఉంటుంది, పోయినది అక్కడుంటుంది. పక్కనే జీపీయూ పేజీలో 'షేర్డ్' అని ర్యామ్‌లో సగం అంకె కనిపిస్తే అదీ హద్దే, వేరే ఆస్తి కాదు. దాన్ని గ్రాఫిక్స్ కార్డు అని చెప్పి ఎవరైనా అమ్మితే అప్పుడు నిలదీయండి. వీలైతే ఒకే ర్యామ్ కర్ర కాకుండా రెండు పెట్టించుకోండి. దారి రెండింతలైతే పర్దాకీ ప్రాసెసర్‌కీ తోపులాట తగ్గుతుంది.

ఇదంతా తెలిశాక ఒకరోజు అబ్బాజాన్‌కి వివరించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ అబ్బాయి దగ్గరికి వెళ్లి మాఫీ అడగాలి" అన్నారు. ఇద్దరం వెళ్లాం. అక్కడిప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ కుర్రాడు ఎటు వెళ్లాడో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. తిరిగి వస్తూ దారిలో అబ్బాజాన్ అన్నారు: "రసీదులో ఒక్క వరస రాసి ఉంటే బాగుండేది. నేను ఒక్క మాట ఆగి ఉన్నా బాగుండేది."