అంకుల్ అసలు మేనమామే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్టాండ్లలో పిల్లలు కండక్టరునైనా, సోడా బండాయననైనా ‘అంకుల్’ అనే పిలుస్తారు. ఇంట్లో చిన్నాయన వేరు, మామ వేరు. అంకుల్‌లో ఇద్దరూ ఒకటే. పుట్టినప్పుడు ఆ మాటది ఒకే చుట్టరికం. లాటిన్‌లో ‘అవుంకులుస్’ అంటే అచ్చంగా మేనమామ. తండ్రి అన్నదమ్ములకు ‘పత్రువుస్’ అని వేరే పిలుపు. ‘ఆంటీ’కి మూలమైన ‘అమిత’ అంటే మేనత్త. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక, ఫ్రెంచి మీదుగా ఇవి ఇంగ్లీషులో చేరాయి. క్రమంగా తల్లి వైపు, తండ్రి వైపు తేడా చెరిగిపోయింది.

మనకు ఆ తేడా ఇంకా సజీవం. పెళ్లికూతుర్ని గంపలో మండపానికి తెచ్చేది మేనమామే. కొత్తవాళ్లను అంకుల్ అననీయండి. మేనమామను మాత్రం నోరారా ‘మామా’ అని పిలవడం పిల్లలకు నేర్పుదాం.