వ్యక్తే కొలమానం: ఎం.ఎన్. రాయ్ ఆలోచన నడిచిన దారి

1946 డిసెంబరులో బొంబాయిలో సమావేశమైన రాడికల్ డెమోక్రటిక్ పార్టీ 22 సూత్రాలను ఆమోదించింది. సమాజానికి మూలం వ్యక్తి. జాతికైనా, వర్గానికైనా అందులోని మనుషులను మించిన ఉనికి లేదు. ఏ వ్యవస్థ మంచిచెడ్డలనైనా అది వ్యక్తికి మిగిల్చే స్వేచ్ఛను బట్టే తేల్చాలి. స్థూలంగా వాటి సారం ఇదే. వాటిని రాసిన ఎం.ఎన్. రాయ్ అంతకుముందు జాతి కోసమూ, వర్గం కోసమూ ప్రాణాలకు తెగించినవాడు. అందుకే ఆ మాటలకు అంత బరువు.

1887లో బెంగాల్‌లో నరేంద్రనాథ్ భట్టాచార్యగా పుట్టిన రాయ్, 1915లో బ్రిటిష్ పాలనపై తిరుగుబాటుకు జర్మన్ ఆయుధాల కోసం దేశం దాటాడు. మెక్సికోలో కమ్యూనిస్టు అయ్యాడు. 1920లో వలస దేశాల సమస్యపై లెనిన్ ప్రతిపాదనలకు అనుబంధంగా తన ప్రతిపాదనలు పెట్టాడు. 1929లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ ఆయన్ను బహిష్కరించింది. రహస్యంగా స్వదేశానికి తిరిగొచ్చి, 1931లో బొంబాయిలో పట్టుబడి, 1936 దాకా జైల్లో ఉన్నాడు. ఆధునిక విజ్ఞానశాస్త్రం వల్ల తత్వశాస్త్రంలో ఏమేం మారాలో అక్కడే వేల పుటలు రాసుకున్నాడు.

నీతికి దేవుడి పూచీ అక్కర్లేదన్నాడు రాయ్. ప్రకృతి నియమబద్ధంగా నడుస్తుంది, మనిషి ఆ ప్రకృతిలోంచే వచ్చాడు, కాబట్టి వివేచన అతనికి సహజం, నీతి ఆ వివేచన నుంచే పుడుతుంది అన్నది ఆయన వాదం. ఇందులో ఒక చిక్కుంది. ప్రకృతి నియమాలు ఎంత తెలిసినా, సాటి మనిషి పట్ల మంచిగా ఎందుకు ఉండాలో వాటినుంచి నేరుగా తేలదు. దీనికి రాయ్ పూర్తి జవాబు చెప్పాడని నేననుకోను. అయినా తప్పొప్పుల బాధ్యతను శాస్త్రాల మీదికో, నాయకుల మీదికో నెట్టకుండా మనిషి నెత్తినే పెట్టినందుకు ఆయనంటే నాకు గౌరవం.

రాజకీయాల్లో ఈ తత్వం నెగ్గలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫాసిజాన్ని ఓడించడమే ముందు పని అంటూ మిత్రరాజ్యాలను బలపరచినందుకు రాయిస్టులు జనానికి దూరమయ్యారు. 1946 ఎన్నికల్లో ఘోరంగా ఓడారు. స్థానిక ప్రజా కమిటీలే పునాదిగా, ఎన్నుకున్నవారిని వెనక్కి పిలిచే హక్కుతో 1944లో రాయ్ తయారుచేసిన రాజ్యాంగ ముసాయిదా కాగితాల మీదే మిగిలింది. 1948 డిసెంబరులో కలకత్తాలో పార్టీనే రద్దు చేసుకున్నారు. అధికారం కోసం పోటీపడే పార్టీలో సభ్యుడి స్వతంత్ర బుద్ధి బతకదని వాళ్లు నమ్మారు. ఆ నిజాయితీ గొప్పది. కానీ ఖాళీ అయిన చోటును ఆ నమ్మకం లేనివారే ఆక్రమించారన్నదీ కాదనలేం. ఎమర్జెన్సీ కాలంలో రాయ్ సహచరుడు వి.ఎం. తార్కుండే పౌరహక్కుల ఉద్యమంలో ముందు నిలవడం ఈ ధారకు దక్కిన పెద్ద రాజకీయ ఫలం.

తెలుగునాట దీనికి నేల ముందే దున్ని ఉంది. రాయ్ పుట్టిన 1887లోనే పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి, రాయ్ పేరు ఇక్కడ వినపడకముందే ‘శంబూకవధ’తో పురాణాలను నిలదీశాడు. తెలుగులో ‘వివాహవిధి’ రాసి పెళ్లిళ్లు తానే జరిపించాడు. తర్వాత తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి వంటి రాయిస్టులు పురోహితుడు లేని పెళ్లిళ్లను కొనసాగించారు. ఎన్నికల్లో ఓడిన ఆలోచన ఇళ్లల్లో, పెళ్లి పందిళ్లలో ఆచరణకు వచ్చింది. నీతిలో స్వేచ్ఛ ముందు అక్కడే కదా పరీక్షకు నిలవాలి!

కళ విషయానికొస్తే, వివేచనకూ సృజనోద్వేగానికీ వైరం లేదని నిరూపించడానికే రాయ్ తన చివరి పెద్ద గ్రంథం రాశాడు. దాని మొదటి సంపుటం 1952లో వచ్చింది. 1954లో ఆయన చనిపోయాక రెండోది వచ్చింది. తెలుగులో మాత్రం ఆ పరీక్ష అంతకుముందే జరిగింది. రామస్వామి చౌదరి కొడుకు, ఆంధ్ర రాడికల్ డెమోక్రటిక్ పార్టీ కార్యదర్శి గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ రాశాడు. అందులో ఆదర్శ మానవుడు లేడు. సీతారామారావుకు తర్కం ఉంది, ఎంతటివారినైనా ప్రశ్నించే నాలుక ఉంది. ఒక్క పనీ చేతకాదు. చివరికి మతి చెడి కూలిపోతాడు. వ్యక్తిని నమ్మిన పార్టీలోంచే వ్యక్తి పతనాన్ని ఇంత నిర్దయగా చూపిన నవల రావడం ఆ ఉద్యమానికే గౌరవం. గోపీచంద్ తర్వాత అరవిందుడి ఆధ్యాత్మిక మార్గం వైపు వెళ్లాడు. దాన్ని ద్రోహమనడం తగదు. తన బుద్ధికి తోచిన దారిన పోయే హక్కు ఆ 22 సూత్రాలు ఇచ్చిందే.

రాయ్‌ను తెలుసుకోదలచిన తెలుగు పాఠకులు ముందు ఈ నవల చదవాలని నా విన్నపం. సూత్రాలు ఆ తర్వాత చదవండి.