కృష్ణాతీరపు రాయి – ఛాయాచిత్రాల సాక్ష్యం

కృష్ణ ఒడ్డు రాతిని చూపే పాత ఛాయాచిత్రాలను అందం కోసం చూడటం మన విమర్శకులకు అలవాటు. వాటిని సాక్ష్యాలుగా చదవాలని నా అభిప్రాయం.

1858లో కెప్టెన్ లినేయస్ ట్రైప్ మద్రాసు మ్యూజియంలో అమరావతి ఫలకాలకు ఫోటోలు తీశాడు. ఆ సంపుటి పేరు 'ఎలియట్ మార్బుల్స్'. 1845లో తవ్వించిన దొర వాల్టర్ ఎలియట్ గనుక రాళ్లు ఆయనవైపోయాయి! ఏటి ఒడ్డూ, దిబ్బా, మోసిన కూలీలూ ఆ బొమ్మల్లో లేరు. 'మార్బుల్' అన్నమాటా నిజం కాదు. అది పల్నాటి సున్నపురాయి. మనవాళ్లు కూడా దాన్ని పాలరాయనే రాస్తూ వచ్చారు. ఆ జాతి రాయే ఇవాళ జగ్గయ్యపేట చుట్టుపట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు పోతోంది.

తప్పంతా తెల్లదొరల మీదికి నెట్టి ఊరుకోవడమూ సరికాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర అమరావతి దిబ్బను రాతి కోసం తవ్వించింది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. బేతవోలుకు తన తండ్రి పేర జగ్గయ్యపేట అని పేరు పెట్టిన జమీందారూ ఆయనే.

ఆ జగ్గయ్యపేట ధనంబోడు మీది స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. 1887లో అచ్చయిన ఆయన గ్రంథంలో అమరావతితో పాటు దీని పటాలూ ఉన్నాయి. వాటిలో లోకానికి బాగా తెలిసిన బొమ్మ మాంధాత చక్రవర్తిది. మబ్బుల్లోంచి చదరపు నాణేలు వానలా రాలుతుంటాయి. అసలు ఫలకం మద్రాసు మ్యూజియంలో ఉంది.

చక్రవర్తి బొమ్మను ఎరిగినంతగా అదే స్తూపం ఆయక స్తంభాల మీది ప్రాకృత శాసనాన్ని మనం ఎరగం. అది ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరం నాటిది, అంటే క్రీ.శ. మూడో శతాబ్దపు మాట. నాగార్జునకొండలో రాజకుటుంబపు స్త్రీల దానాలు ప్రసిద్ధం. ఇక్కడ దాత నడతూరు వాసి సిద్ధార్థుడు. అతను 'ఆవేసని', అంటే శిల్పుల మేస్త్రీ. తండ్రి నాగచంద్రుడిదీ అదే వృత్తి. తల్లినీ భార్యాబిడ్డలనూ కలుపుకొని, వెలగిరి మహాచైత్యం తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలిపించాడు. పనివాడు తన పేరు తానే రాతికెక్కించుకున్నాడన్నమాట.

అలాగని అతన్ని నిరుపేదగా ఊహించి కవిత కట్టేయనక్కరలేదు. ఐదు స్తంభాలు దానమివ్వగల స్థోమత ఉన్నవాడు. ఆ రాళ్లను గనిలోంచి లాగినవాళ్ల పేర్లు శాసనంలోనూ లేవు. కృష్ణ మీద కవితలు పట్టుకొచ్చే నందిగామ కుర్రవాళ్లకు ముందు బర్జెస్ పటాన్నీ, ఈ శాసనపాఠాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను. తర్వాత సున్నపురాతి గనుల దాకా ఒకసారి నడిచి, అక్కడివాళ్ల పేర్లు అడిగి రమ్మంటున్నాను.